భూకంపం వచ్చిన రోజు కూడా ఆసుపత్రి నడవాలంటే

1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలోని సిల్మార్‌లో భూమి కంపించే నాటికి అక్కడి ఆలివ్ వ్యూ ఆసుపత్రి ఇంకా రంగు వాసన కూడా పోని కొత్త బిల్డింగు. మెట్ల టవర్లు విడిపోయి పక్కకి పడ్డాయి, కింది అంతస్తు పిల్లర్లు చితికి బిల్డింగంతా ఒరిగింది, చివరికి మొత్తం కూల్చేయాల్సి వచ్చింది. అదే చోట ఈసారి ఉక్కు గోడలు వాడి చాలా గట్టిగా ఇంకో ఆసుపత్రి కట్టారు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. పిల్లర్లకి, బీములకి ఏమీ కాలేదు. కానీ లోపల స్ప్రింక్లర్ పైపులూ ఏసీకి వెళ్లే చల్లనీళ్ల పైపులూ తెగి వార్డుల్లోకి నీళ్లు వచ్చేసి, రోగుల్ని వేరే ఆసుపత్రులకి పంపేయాల్సి వచ్చింది.

ఈ గైడ్ అంతా ఆ రెండో సంఘటన చుట్టూనే. బిల్డింగు పడిపోకుండా చూడటం ఇంజినీర్ల పని, దానికి డబ్బు, టైమ్, అనుమతులు కావాలి. బిల్డింగు నిలబడ్డాక లోపల ఆసుపత్రి నడుస్తుందా లేదా అన్నది మాత్రం పైపు జాయింట్లు, బ్యాటరీలు, గొలుసులు, వాల్వులు, నైట్ డ్యూటీలో ఉన్న నర్సుకి ఏం తెలుసు అన్న చిన్న చిన్న విషయాల మీద ఆధారపడి ఉంటుంది. వీటిలో చాలావరకు మెయింటెనెన్స్ సిబ్బంది ఒక డ్రిల్లింగ్ మెషిన్‌తో చేసేయగలిగినవే. ఇంజినీర్ల లెక్కల ప్రకారం ఒక ఆసుపత్రి మీద పెట్టే మొత్తంలో పిల్లర్లు, బీములు, శ్లాబుల వాటా 8 శాతం దగ్గరే ఉంటుంది, మిగతాదంతా గోడలు, సీలింగులు, పైపులు, వైరింగు, మెషిన్లు, సామాను. పోయేది ఎక్కువగా ఆ మిగతాదే.

ముందు బిల్డింగు సంగతి

దీన్ని దాటేసి మిగతావి చేయడంలో అర్థం లేదు కాబట్టి మొదట ఇదే. భూకంపాల డిజైన్ తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిచి చూపించండి, మామూలు కాంట్రాక్టర్ మాట మీద వదిలేయొద్దు. ఆయన వచ్చేలోపు మీరే గమనించగలిగేవి కొన్ని ఉన్నాయి. కింద పార్కింగ్ కోసమో పెద్ద హాలు కోసమో గోడలు లేకుండా ఒట్టి పిల్లర్ల మీద నిలబెట్టిన అంతస్తు ఉందా? పిల్లరు పక్కన గోడని సగం వరకే కట్టి పైన కిటికీలు వదిలారా (అలాంటి చోట పిల్లరు పైన మిగిలిన పొట్టి ముక్క మీదే ఊపంతా పడి అక్కడే విరుగుతుంది)? మొదటి ప్లాన్‌లో లేని అంతస్తులు తర్వాత ఎక్కించారా? పాత బ్లాకుకి కొత్త బ్లాకు ఆనించి కట్టి మధ్యలో చాలినంత గ్యాప్ వదల్లేదా? వీటిలో ఒక్కటి అవునన్నా ఆ పరీక్షని వచ్చే బడ్జెట్‌కి వాయిదా వేయకండి. 2023 ఫిబ్రవరి 6న టర్కీ భూకంపంలో ఇస్కెండెరున్ ప్రభుత్వ ఆసుపత్రి బ్లాకు కూలిపోయి లోపలున్న రోగులూ సిబ్బందీ దాని కింద చిక్కుకుపోయారు. 1995లో జపాన్‌లోని కోబేలో వచ్చిన భూకంపంలో ఒక మునిసిపల్ ఆసుపత్రికి పైనా కిందా బాగానే ఉండి మధ్యలో 5వ అంతస్తు ఒక్కటే నలిగిపోయింది. బయటి నుంచి చూస్తే బలంగా కనిపించడం అన్నది ఏ లెక్కలోకీ రాదు.

కొత్తది కట్టే అవకాశం ఉంటే బేస్ ఐసొలేషన్ గురించి గట్టిగా అడగండి. బిల్డింగుకీ పునాదికీ మధ్య రబ్బరు, ఉక్కు పొరల బేరింగులు పెడతారు, నేల ఊగినా పైన ఊపు చాలా తగ్గిపోతుంది, అందువల్ల లోపలి మెషిన్లూ పైపులూ కూడా బతుకుతాయి. 2001 జనవరి 26 భూకంపంలో భుజ్‌లోని ఆసుపత్రి కూలిపోయాక దాన్ని ఇదే పద్ధతిలో మళ్లీ కట్టారు. జపాన్‌లో ఇషినోమాకి రెడ్‌క్రాస్ ఆసుపత్రి 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత ఆ ప్రాంతమంతటికీ ఆధారమైంది, దాని కింద కూడా ఈ బేరింగులే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: ఇలాంటి బిల్డింగు చుట్టూ అది కదలడానికి ఖాళీ వదులుతారు. కొన్నేళ్లకి ఎవరో ఒకరు ఆ ఖాళీలో ర్యాంపు కట్టేస్తారు, పాత మంచాలు పడేస్తారు, సిమెంటుతో పూడ్చేస్తారు. అది పూడిపోతే పెట్టిన డబ్బంతా పోయినట్టే. ఆ గ్యాప్ దాటి లోపలికి వచ్చే ప్రతి నీటి పైపుకీ, ఆక్సిజన్ లైనుకీ, కేబుల్‌కీ కూడా కదిలే జాయింటు ఉండాలి.

ఒక రౌండు వేయండి, చేతిలో కాగితంతో

ఇది రేపే మొదలుపెట్టొచ్చు. మెయింటెనెన్స్ ఇంచార్జి, ఒక సీనియర్ నర్సు, వైద్య మెషిన్లు చూసుకునే బయోమెడికల్ టెక్నీషియన్ కలిసి ఒక్కో వార్డూ తిరగండి, ముగ్గురూ ఉండాలి ఎందుకంటే ఒకళ్లకి కనిపించేది ఇంకొకళ్లకి కనిపించదు. ప్రతి వస్తువు ముందు ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి మీదన్నా పడుతుందా? పడితే దారికి అడ్డమవుతుందా? ఇది పాడైతే ఎవరి వైద్యమన్నా ఆగిపోతుందా? మూడో ప్రశ్నకి అవునన్న వస్తువులన్నీ ముందు, ఖరీదుతో సంబంధం లేకుండా.

ఉదాహరణకి ఆక్సిజన్ సిలిండర్. చాలా చోట్ల వరసగా గోడకి నిలబెట్టి, నడుము దగ్గర ఒకే గొలుసు అందరికీ కలిపి చుట్టి ఉంటుంది, అదీ వదులుగా, ఎందుకంటే రోజుకి నాలుగుసార్లు సిలిండర్ మార్చాలి కదా. గట్టిగా ఊగితే కింది భాగం ముందుకి జారి సిలిండర్ గొలుసు కిందనుంచి బయటికి వచ్చేస్తుంది. పడ్డప్పుడు వాల్వు విరిగితే ఆ సిలిండర్ ఎటు దూసుకుపోతుందో చెప్పలేం. ఎత్తులో మూడో వంతు దగ్గర ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర ఒకటి, రెండు గొలుసులు కావాలి, రెండు మూడు సిలిండర్లకి ఒక జత చొప్పున. గొలుసు పట్టుకునే కొక్కేన్ని కూడా చూడండి. చెక్క గుబ్బలో దిగ్గొట్టిన మేకు అయితే అది అలంకారమే. కాంక్రీటులోకి యాంకర్ బోల్టు దిగాలి, జిప్సమ్ పార్టిషన్ అయితే వెనక ఫ్రేముకి పట్టించాలి. వాడని సిలిండర్ మీద టోపీ బిగించి ఉంచడం ఖర్చు లేని పని, అయినా సగం చోట్ల టోపీలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

ఫార్మసీ ర్యాకులు, రికార్డుల బీరువాలు పైభాగంలో గోడకి బ్రాకెట్లు వేసి బిగించండి, వీపుకి వీపు ఆనించి పెట్టిన ర్యాకుల్ని ఒకదానికొకటి కలిపి నేలకి కూడా. షెల్ఫు అంచుకి రెండు మూడు అంగుళాల పట్టీ లేదా అడ్డంగా సాగే తాడు ఉంటే సీసాలు జారవు. బరువైనవి కింది అరల్లోకి. ల్యాబులో ఆసిడ్లు, ఫార్మలిన్, స్పిరిట్ లాంటివి ఎప్పుడూ కింద, ఒకదానితో ఒకటి కలిస్తే ప్రమాదమయ్యేవి వేరువేరు ట్రేల్లో, ఎందుకంటే భూకంపం తర్వాత ల్యాబులో మంటలు లేస్తే ఆర్పడానికి నీళ్లు ఉండకపోవచ్చు. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌ని గోడకి పట్టించండి, తలుపుకి గొళ్లెం పెట్టండి.

చక్రాల మీద ఉండే వాటిది వేరే బెడద. వెంటిలేటర్లు, మానిటర్ ట్రాలీలు, క్రాష్ కార్టులు (అత్యవసర మందులూ పరికరాలూ ఉండే బండ్లు) బ్రేకు వేయకుండా వదిలేస్తే గది ఈ చివర్నించి ఆ చివరికి పరిగెడతాయి, బ్రేకు వేస్తే పొడుగ్గా ఉన్నవి తలకిందులవుతాయి. వాడనప్పుడు గోడకి ఉన్న రింగుకి కొక్కెం పట్టీతో తగిలించడం మంచి పరిష్కారం, ఒక్క చేత్తో తీయగలిగేలా ఉండాలి. తీయడం కష్టమైతే నర్సులు దాన్ని రెండో రోజే వాడటం మానేస్తారు, అది వాళ్ల తప్పు కాదు. మంచాల బ్రేకులు, నవజాత శిశువుల ఇంక్యుబేటర్ల బ్రేకులు మాత్రం ఎప్పుడూ వేసే ఉండాలి. మంచం తలవైపు గోడకి టీవీ, బరువైన ఫొటో ఫ్రేము, షెల్ఫు ఏదీ ఉండకూడదు.

ఇప్పుడు తల పైకెత్తండి. ఫాల్స్ సీలింగ్ పలకలు తేలికే గానీ వాటిలో కూర్చోబెట్టిన ట్యూబ్ లైట్లూ ఏసీ గ్రిల్లులూ తేలిక కాదు. ప్రతి లైటుకీ పైన శ్లాబు నుంచి విడిగా రెండు తీగలు వేలాడదీసి కట్టాలి, సీలింగ్ ఫ్రేము పడిపోయినా లైటు వేలాడుతూ ఆగుతుంది. ఆపరేషన్ థియేటర్ లైటు బిగింపు బోల్టులు ఏడాదికోసారన్నా చూడాలి. ఒక సీలింగ్ పలక తీసి టార్చి వేసి చూస్తే అసలు కథ తెలుస్తుంది: స్ప్రింక్లర్ పైపు, ఏసీ డక్టు, ఆక్సిజన్ లైను, కేబుల్ ట్రే అన్నీ పొడుగాటి రాడ్ల మీద వేలాడుతూ ఉంటాయి, పక్కకి ఊగకుండా ఆపేది ఏదీ ఉండదు. వాటికి ఏటవాలుగా బ్రేసులు, అంటే ఊపు ఆపే కడ్డీలు, కావాలి. రెండు బ్లాకులు కలిసే చోట పైపు నేరుగా దాటితే అక్కడ తప్పకుండా తెగుతుంది, అల్లిక ఉన్న ఫ్లెక్సిబుల్ ముక్క వేయించండి. ఈ బ్రేసుల పని మాత్రం సొంతంగా చేయొద్దు, దేనికి ఎంత దూరంలో ఎన్ని అన్న లెక్క ఉంటుంది.

కరెంటు

చాలా ఆసుపత్రుల్లో జనరేటర్ ఉందా అంటే ఉందంటారు, నెలనెలా స్టార్ట్ చేస్తామంటారు. అది చాలదు. జనరేటర్‌ని శబ్దం, అదురు తగ్గడానికి స్ప్రింగుల మీదో రబ్బరు ప్యాడ్ల మీదో కూర్చోబెడతారు. భూకంపంలో అవే దాన్ని ఎగరేసి పక్కకి దించేస్తాయి, డీజిల్ పైపు, పొగ గొట్టం, కేబుళ్లు అన్నీ ఒకేసారి తెగుతాయి. నాలుగు పక్కలా కదలిక ఆపే ఉక్కు అడ్డుకట్టలు నేలకి బోల్టులతో బిగించాలి, మామూలుగా నడిచేటప్పుడు జనరేటర్‌కి తగలకుండా కొద్దిగా ఖాళీ వదిలి. డీజిల్ లైన్లో ఫ్లెక్సిబుల్ ముక్క ఉండాలి.

స్టార్టింగ్ బ్యాటరీ చూడండి. లక్షల ఖరీదు చేసే మెషిన్ పక్కన అది ఒక ఇటుక మీదో చెక్క ముక్క మీదో ఊరికే పెట్టి ఉంటుంది. అది దొర్లిపడి వైరు ఊడిందంటే ఆ మెషిన్‌ని ఎవరూ కదిలించలేరు. ఒక ఫ్రేము, ఒక పట్టీ చాలు. యూపీఎస్ బ్యాటరీల ర్యాకుకీ ఇదే, మధ్యలో ఖాళీలు వదలకుండా ప్యాకింగు పెట్టి ముందు అడ్డ పట్టీ బిగించాలి.

డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఇంకో సమస్య. ఊపుకి అది లేచి ఫిల్టర్లలో అడ్డం పడుతుంది. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో సరిగ్గా ఈ రకంగానే జనరేటర్ కరెంటు దెబ్బతింది. ట్యాంకు కడిగించడం ఏటా చేయాల్సిన పనుల్లో పెట్టండి, ఫిల్టర్లు నాలుగైదు జతలు జనరేటర్ గదిలోనే ఉంచండి, మార్చడం నైట్ షిఫ్టు ఎలక్ట్రీషియన్‌కి కూడా రావాలి. మీ జనరేటర్ బయటి నీటి సరఫరాతో చల్లబడే రకమా అన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి. కోబేలో అలాంటివి ఊరి నీళ్లు ఆగిపోగానే పనికిరాకుండా పోయాయి.

ఇంక డీజిల్ ఎన్ని గంటలకి వస్తుంది? కంపెనీ కాగితం చూడకండి. భూకంపం రోజు నడవాల్సిన లోడంతా వేసి, అంటే ఐసీయూ, థియేటర్లు, ఎమర్జెన్సీ, నవజాత శిశువుల వార్డు, బ్లడ్ బ్యాంకు, నీళ్ల మోటార్లు, డయాలసిస్, ఎక్స్‌రే వేసి, గంటసేపు నడిపి ట్యాంకులో ముందూ వెనకా కొలతపుల్ల పెట్టి చూడండి. ఆ టెస్టులో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది, ఫలానా ప్లగ్గు పాయింటు అసలు జనరేటర్ లైన్లోనే లేదని. చాలాసార్లు అది నీళ్ల మోటారే అయి ఉంటుంది. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 96 గంటల లెక్క వేసుకోమంటుంది. 4 రోజుల సరుకు దాచమని దానర్థం కాదు, బయటి నుంచి ఏమీ రాకపోతే ఆ 4 రోజుల్లో ఏ గంటకి ఏది అయిపోతుందో తెలిసుండాలని. డీజిల్, నీళ్లు, ఆక్సిజన్, సెలైన్, తిండి, ఐదింటికీ ఒకే కాగితం మీద ఆ గంటలు రాసి పెట్టండి. అన్నిటికంటే తక్కువ ఉన్నదే మీ ఆసుపత్రి ఆయుష్షు.

నీళ్లు

కోబేలో ఆసుపత్రుల్ని ఎక్కువగా ఆపేసింది నీళ్లు లేకపోవడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీస లెక్క ప్రకారం వార్డులో ఉన్న ఒక్కో రోగికి రోజుకి 40 నుంచి 60 లీటర్లు, ఒక్కో ఆపరేషన్‌కి 100 లీటర్లు కావాలి. 200 మంచాలకి 60 చొప్పున 12,000 లీటర్లు, దాని మీద ఆపరేషన్లు. డయాలసిస్ అయితే ఇంకా ఎక్కువ: నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటలు నడిస్తే ఒక్క రోగికి 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు, అంత శుద్ధ నీరు రావాలంటే ఆర్‌వో ప్లాంటు వృథాగా వదిలేది కూడా కలుపుకోవాలి.

ట్యాంకులో ఉన్న నీళ్లు ట్యాంకులోనే ఉండేలా చూడటం నిల్వ పెంచడం కంటే ముందు పని. నాలుగో అంతస్తులో ఒక్క పైపు తెగితే పైన ట్యాంకంతా అరగంటలో వార్డుల్లోకి దిగిపోతుంది. ట్యాంకు బయటికి వచ్చే చోటే ఊపు తగలగానే దానంతటదే మూసుకునే వాల్వు పెట్టించండి, కుదరకపోతే చేత్తో మూసే వాల్వుకి ఎర్ర రంగు వేసి, ప్రతి అంతస్తు వాల్వు ఎక్కడుందో మ్యాపు గీసి నర్సింగ్ స్టేషన్లో అతికించండి. వాల్వు తిప్పే స్పానర్ దానికే గొలుసుతో కట్టేసి ఉంచండి. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకుల్ని ఇటుకల మీద ఊరికే నిలబెట్టి ఉంటే పట్టీలతో కట్టించాలి, ట్యాంకు నోటి దగ్గర గట్టి పైపు బదులు ఫ్లెక్సిబుల్ వేయాలి. నీళ్లున్నా డ్రైనేజీ పగిలితే బాత్రూములు వాడలేం, దానికి మందపాటి ప్లాస్టిక్ సంచులు, బకెట్లు, బ్లీచింగ్ ముందే ఉంచండి. ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని ఈ విషయం రెండో రోజుకల్లా అందరి టెన్షన్ అవుతుంది.

ఆక్సిజన్ లెక్క

46.7 లీటర్ల పెద్ద సిలిండర్లో సుమారు 7,000 లీటర్ల గ్యాసు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు తీసుకునే ఒక రోగికి అది పదకొండున్నర గంటలు వస్తుంది. అలాంటి రోగులు పది మంది ఉంటే గంటా పది నిమిషాలు. ఈ లెక్క గోడ మీద రాసి ఉంటే రాత్రి రెండింటికి ఎవరూ చేతులు పిసుక్కోవాల్సిన పని ఉండదు. లిక్విడ్ ఆక్సిజన్ ట్యాంకు పునాది బోల్టులు తుప్పు పట్టాయేమో, మానిఫోల్డ్ గదిలో (సిలిండర్లన్నీ కలిపి పైపులైనుకి తగిలించే గది) సిలిండర్లు గొలుసులతో ఉన్నాయో లేదో చూడండి. పైపులైను తెగితే ఆ వార్డు జోన్ వాల్వు మూయాలి, కానీ మూస్తే ఆ వార్డులో అందరికీ ఆగిపోతుంది. కాబట్టి మూసే అధికారం ఎవరిదో, మూసేముందు ఎవరికి చెప్పాలో ముందే రాసుండాలి. ప్రతి వెంటిలేటర్ పక్కన చేత్తో నొక్కే అంబు బ్యాగు వేలాడుతూ ఉండాలి, తాళం వేసిన బీరువాలో కాదు. గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్లు మంచివే, కరెంటు ఉన్నంతసేపు.

ఊగుతున్నప్పుడూ, ఆ తర్వాతి మొదటి గంటా

ఊగుతున్నప్పుడు సిబ్బంది పరిగెత్తకూడదు. కిందికి వంగి, టేబులో మంచమో ఏదో ఒక గట్టిదాని పక్కకి చేరి తల కాపాడుకుని పట్టుకోవాలి. లేవలేని రోగి అయితే దిండు తల మీద పెట్టుకోవాలి. థియేటర్లో ఉన్నవాళ్లు కోసిన చోటుని స్టెరైల్ గుడ్డతో కప్పి, పదునైన పరికరాలు దూరంగా పెట్టి, రోగి టేబుల్ మీంచి జారకుండా పట్టుకోవాలి. ఆగాక లిఫ్టులు ఎక్కొద్దు, లిఫ్టుకి ఎదురు బరువు పట్టాల నుంచి తప్పిపోయి ఉండొచ్చు, టెక్నీషియన్ చూసేదాకా మెట్లే. అందుకే మెట్ల మీద రోగిని దించే షీట్లు, పట్టీలు ప్రతి అంతస్తులో ఉండాలి, వాటిని వాడి చూసినవాళ్లు ప్రతి షిఫ్టులో ఉండాలి.

నార్త్‌రిడ్జ్ తెల్లవారుజామున 4:31కి వచ్చింది, కోబే 5:46కి, 2023 టర్కీ 4:17కి. అంటే మీ ప్లాన్‌లో సూపరింటెండెంట్ పేరు మొదట రాసి ఉంటే ఆ టైముకి ఆయన ఇంట్లో నిద్రలో ఉంటారు, రోడ్లు మూసుకుపోతే మధ్యాహ్నం దాకా రాలేకపోవచ్చు. ఆ క్షణంలో ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో ఎవరు పెద్దో వాళ్లే కమాండ్ తీసుకోవాలి, డ్యూటీ డాక్టరో నైట్ సూపర్‌వైజర్ నర్సో. వాళ్లకి లావుపాటి ఫైలు ఇవ్వకండి. ఒక్కొక్కరికి ఒక పేజీ కార్డు: మొదటి పది నిమిషాల్లో ఏం చూడాలి, ఎవరికి చెప్పాలి, దేన్ని ఆపే అధికారం ఉంది. ఫోన్లు పనిచేయవు అనుకునే రాయండి. వాకీటాకీలు, అవి కూడా లేకపోతే అంతస్తుల మధ్య కబురు మోసే ఇద్దరు మనుషులు. కంప్యూటర్లు ఆగిపోతే వాడటానికి కాగితం కేస్ షీట్లు, రోగి చేతికి కట్టే ట్యాగులు ఎమర్జెన్సీలో ఒక పెట్టెలో సిద్ధంగా ఉండాలి. సిబ్బంది ఇళ్ల సంగతి కూడా ఆలోచించండి, పిల్లలు బతికున్నారో లేదో తెలియని నర్సు చేత పన్నెండు గంటలు పని చేయించలేం. కుటుంబాల క్షేమం కనుక్కునే బాధ్యత ఒకళ్లకి ప్రత్యేకంగా అప్పగించండి.

రోగులు అంబులెన్సుల్లో వరసగా రారు. నడవగలిగినవాళ్లు, బైకుల మీద తెచ్చుకున్నవాళ్లు ముందు వస్తారు, దెబ్బలు చిన్నవి, సంఖ్య ఎక్కువ. శిథిలాల కింద నుంచి తీసినవాళ్లు గంటల తర్వాత వస్తారు. మొదటివాళ్లతో ఎమర్జెన్సీ నిండిపోతే రెండోవాళ్లకి మంచం ఉండదు. అందుకే ట్రయాజ్, అంటే ఎవరికి ముందు వైద్యం కావాలో చూసి వేరుచేసే చోటు, బిల్డింగు బయట, గేటు దగ్గర పెట్టి, చిన్న దెబ్బలవాళ్లని అక్కడి నుంచే వేరే వైపుకి పంపేయాలి. ఆ స్థలం ఏదో ఇప్పుడే నిర్ణయించి అక్కడ ఒక నీళ్ల పంపు, జనరేటర్ లైన్ నుంచి నాలుగు ప్లగ్గు పాయింట్లు, టెంటు కట్టడానికి కొక్కేలు పెట్టించండి. ఈ కాస్త ఖర్చుతో వచ్చే ఉపయోగం ఇంకే ఖర్చుతోనూ రాదని నా అభిప్రాయం. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు కాఠ్‌మాండూ ఆసుపత్రుల్లో రోగుల్ని ఆరుబయటే చూడాల్సి వచ్చింది, మే 12న మళ్లీ 7.3 తీవ్రతతో వచ్చింది.

గంటల తరబడి కాలో చెయ్యో నలిగిపోయి ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్లకి ముందే గుర్తుచేయాలి. బరువు తీయగానే నలిగిన కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె ఆగొచ్చు, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. వీలైతే బయటికి లాగకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి, పొటాషియం ఉన్న ద్రవాలు వద్దు, ఆసుపత్రికి రాగానే ఈసీజీ తీయాలి. 1999లో టర్కీ మర్మరా భూకంపం తర్వాత 639 మందికి కిడ్నీ సమస్యలు వచ్చాయని నమోదైంది, వాళ్లలో 477 మందికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. మీ దగ్గర డయాలసిస్ లేకపోతే ఎక్కడికి పంపాలో, దూరంగా దెబ్బతినని ఏ ఊరితో ఒప్పందం ఉందో కాగితం మీద ఉండాలి.

ఖాళీ చేయాలా వద్దా

భయంతో అనవసరంగా ఖాళీ చేయడం కూడా ప్రాణాలు తీస్తుంది, ముఖ్యంగా ఐసీయూలో. కాబట్టి ఇప్పుడే, ఏమీ కానప్పుడే, ప్రతి గదిలో ఉన్న పాత పగుళ్లకి ఫొటోలు తీసి గది నంబరు, తేదీ వేసి ప్రింటు తీసి పెట్టండి. ఆ రోజు అందరూ ప్రతి పగులూ కొత్తదే అంటారు. గోడకీ బీముకీ మధ్య సన్నటి గీత, ప్లాస్టరు రాలడం చాలావరకు భయపడాల్సినవి కావు. పిల్లరు మీద ఇంటూ ఆకారంలో పగులు, పిల్లరు బీము కలిసే చోట కాంక్రీటు రాలి ఇనుము వంగి కనబడటం, అంతస్తు ఒక పక్కకి ఒరగడం, తలుపులు ఒక్కసారిగా ఇరుక్కుపోవడం కనిపిస్తే ఆ భాగం ఖాళీ చేసి ఇంజినీర్ వచ్చేదాకా ఎవర్నీ పోనివ్వకూడదు. ఇంజినీర్‌తో ఒప్పందం ముందే చేసుకోండి, పిలవకుండానే వచ్చేలా. ఆ రోజు ఊళ్లో ప్రతి ఒక్కరూ వాళ్లకే ఫోన్ చేస్తుంటారు. చూసిన ప్రతి భాగం తలుపు మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాగితం అతికించి తేదీ, టైమ్ రాయాలి, పెద్ద ప్రకంపన మళ్లీ వస్తే ఆ కాగితాలన్నీ చెల్లవు, మళ్లీ చూడాలి.

డ్రిల్

ఎక్కడ వెనకబడ్డారో తెలియాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన హాస్పిటల్ సేఫ్టీ ఇండెక్స్ తీసుకోండి. 2015 ఎడిషన్లో 151 అంశాలున్నాయి, నింపితే మీ ఆసుపత్రి ఎ, బి, సి వర్గాల్లో ఎక్కడ పడుతుందో తేలుతుంది. సి వస్తే రోగుల ప్రాణాలకే ప్రమాదం అని, వెంటనే పని మొదలుపెట్టాలని. మార్కుల కోసం నింపితే మాత్రం దండగ.

డ్రిల్ అంటే సైరన్ మోగించి అందరూ గార్డెన్లో నిలబడి ఫొటో దిగడం కాదు. ముందుగా చెప్పి, ఐసీయూకి విడిగా రక్షణ పెట్టుకుని, ఒక రాత్రి నిజంగా మెయిన్ స్విచ్ ఆపేయండి. ఇంకోసారి ఊరి నీళ్ల వాల్వు నాలుగు గంటలు మూసేయండి. మరోసారి లిఫ్టులు ఆపి మూడో అంతస్తు నుంచి బరువైన ఒక వాలంటీర్‌ని మెట్ల మీద దించమనండి. చీకట్లో టార్చి ఎక్కడుందో, వాల్వు స్పానర్ సరిపోతుందో లేదో, స్టోరు తాళంచెవి ఎవరింట్లో ఉందో ఆ నాలుగు గంటల్లో తేలిపోతుంది. మర్నాడు పొద్దున్నే, ఇంకా చిరాకు తగ్గకముందే, హౌస్‌కీపింగ్ వాళ్లతో సహా అందర్నీ కూర్చోబెట్టి ఏం పనిచేయలేదో రాయించి, ఒక్కోదాని పక్కన చేయాల్సిన మనిషి పేరు, తేదీ వేయించండి. స్టోరు తాళంచెవి రెండో కాపీ మాత్రం ఆ రోజే చేయించి సెక్యూరిటీ దగ్గర పెట్టించండి.